వాటర్ క్యాన్ మీద మర్ఫా

మొన్న శుక్రవారం ఖాళీ వాటర్ క్యాన్‌ను తలుపు దగ్గర పెట్టి, కొత్తది తెచ్చే అతని కోసం ఎదురుచూస్తున్నాం. మా పాప ఆ క్యాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద కూర్చుని, వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టింది. మొదట నేను పట్టించుకోలేదు. పిల్లలు ఏది దొరికితే అది కొడతారు. కాసేపటికి కూర తరుగుతున్న నా చెయ్యి ఆగిపోయింది. అది ఊరికే కొట్టడం కాదు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా, కాస్త ఆగి, మళ్ళీ మూడు గబగబా.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నాను, తెలిసి కూడా.

"ఖాలా," అంది, ఇంకెవరు నేర్పుతారన్నట్టు.

ఖాలా అంటే పిన్ని; పక్కింటి ఆవిడను మేం అలాగే పిలిచేవాళ్ళం. ఆమె దోహా పక్కన మేముండే ఈ ముఐథర్ వదిలి వెళ్ళి రెండేళ్ళు దాటింది. అప్పటికి పాపకు నాలుగేళ్ళు. నేను రోజూ పాడి పడుకోబెట్టిన పాటల్లో ఒక్క చరణం కూడా దానికి గుర్తులేదు. అడిగి చూశాను. ఖాలా ముఖం గుర్తుందా అంటే అదీ సరిగా లేదు. ఆమె వేళ్ళు మాత్రం దీని వేళ్ళలో ఉండిపోయాయి. ఆమె మీద నాకు అసూయ ఇవాళ పుట్టింది కాదు. పక్క వాటాలో ఉన్నన్నాళ్ళూ ఉంది. ఆమె వెళ్ళిపోతే అదీ పోతుందనుకున్నాను. పాప పడుకున్నాక ఇలా రాయడానికి కూర్చుంటే తెలుస్తోంది, పోలేదని.

మేముండేది ఒక పాత విల్లా. మధ్యలో గోడలు పెట్టి వాటాలు చేసి అద్దెకిచ్చారు. మా వంటింటికీ ఖాలా వంటింటికీ మధ్య ఉన్నది పలకలాంటి పల్చటి గోడ. ఆమె పప్పు కడిగితే నాకు వినిపించేది. పప్పు కన్నా ముందు ఆమె వేళ్ళు వినిపించేవి. గిన్నె మీద, గ్యాస్ బండ మీద, ఫ్రిజ్ తలుపు మీద అదే వరుస. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. ఖాలూ, అంటే ఆమె భర్త, డ్యూటీ నుంచి వచ్చి కారు ఆపిన చప్పుడు కాగానే వేళ్ళు ఆగిపోయేవి. ఆయన కార్ల వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్. మంచి మనిషే. ఇంట్లో ఆ వాయిద్యం మాత్రం వినపడకూడదు.

కారణం ఆమే చెప్పింది. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో వాయించే మర్ఫా డప్పులు అందరికీ తెలుసు. వాటిని తెచ్చింది ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిలు, హబ్షీలంటారు. ఖాలా ముత్తాత నిజాం గుర్రపు దళంలో అలాంటి సిపాయి. ఖాలూ వాళ్ళ ముత్తాత కూడా. అయితే ఖాలూ వాళ్ళది పైకొచ్చిన కుటుంబం. నాలుగు డబ్బులు చేతికి రాగానే మొదట మర్ఫా మానేశారు. తర్వాత మేం అరబ్బులం, యెమెన్ నుంచి వచ్చాం అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ ఇంటి పెళ్ళిళ్ళలో అందరి కంటే నల్లగా ఉన్న ఆడవాళ్ళను ఫోటో తీసేటప్పుడు బిర్యానీ దగ్గరికి పంపిస్తారట. "నేను ఎన్ని పెళ్ళిళ్ళల్ల బిర్యానీ కాడ నిలబడ్డనో లెక్కలేదు బిడ్డా," అని నవ్వింది ఖాలా. ఆమె నవ్వుకు చప్పుడుండదు. భుజాలు మాత్రం కదులుతాయి.

ఖతర్‌లో అసలు అరబ్బులు ఆమెను చూసి సూడాన్ మనిషి అనుకుని గడగడా అరబ్బీలో మాట్లాడేవారు. ఆమె "అనా హిందియా," అనేది, ఇండియాదాన్నని. నమ్మేవారు కాదు. మనవాళ్ళు అంతకన్నా ఘోరం. ఒకసారి వీధి చివర బఖాలాలో, అంటే కిరాణా కొట్లో, కూరగాయల బుట్టల దగ్గర, సైట్ పని చేసే ఇద్దరు కుర్రాళ్ళు మా వెనక నిలబడ్డారు. జగిత్యాల వైపు మాట.

"గా సూడాన్ది జరిగితే మనం గోంగూర తీసుకుందుం."

"అది జరగదురా. గోంగూరను చూసి గడ్డి అనుకుంటున్నది. మేకకు తీస్కపోతదేమో."

ఖాలా బుట్టలోంచి ఒక కట్ట తీసి, కాడలు విరిచి చూసి, వాళ్ళ చేతిలో పెట్టింది. "ఇది లేతగున్నది, తీస్కో బిడ్డా. నీ చేతిలున్నది ముదిరింది. మేక గూడ తినది."

నాకు వాళ్ళను చూస్తే జాలేసింది. ఒకతను గోంగూర పట్టుకుని, కిందపెట్టి, మళ్ళీ పట్టుకున్నాడు. "తెలుగా అమ్మా మీది?" అన్నాడు.

"మా అమ్మగారిల్లు వనపర్తి. నువ్వేడ?"

బయటికి వచ్చేసరికి వాళ్ళు ఆమె సంచీ మోస్తున్నారు. క్యాంప్‌లో ఎవరు వండుతారో, ఇంటికి ఎప్పుడు పోతారో అన్నీ ఆమెకు చెప్పేశారు. నేను పక్కనే ఉన్నాను. నాదీ తెలుగే. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పూట మొదటిసారి అనిపించింది, ఈమె దగ్గరున్నదేదో నా దగ్గర లేదని.

ఆమెకు ఇంకో అలవాటుంది. భయం చెబితే "ఏమైతది?" అని అడిగేది. అందరూ అన్నట్టు కొట్టిపారెయ్యడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి. మా పాప ఆమె వాకిట్లో అరుగెక్కి దూకుతుంటే నేను పరుగెత్తేదాన్ని.

"ఏమైతది?"

"పడుతుంది ఖాలా."

"పడితే?"

"దెబ్బ తగులుతుంది."

"ఆ తర్వాత?"

"ఏడుస్తుంది."

"ఆ తర్వాత?"

ఆ తర్వాత ఏముంటుందో నాకు తోచేది కాదు. నేను ఇంజనీరింగ్ చదివాను. పిల్ల నుదురు పట్టి చూడకుండా ఒక రాత్రి పడుకోలేదు. ఎండలో కారు నుంచి స్కూల్ గేటు దాకా దుపట్టా కప్పి తీసుకెళ్తాను. ఎండకు కొంత, మా అత్తగారికి కొంత భయపడి. ఆవిడ కామారెడ్డి నుంచి వీడియో కాల్ చేసి మొదట అడిగేది, "పిల్ల ఇంక నల్లబడ్డదేంది? దుబాయ్ ఎండకా? సున్నిపిండి రాస్తున్నవా లేదా?" ఆవిడకు గల్ఫ్ అంతా దుబాయే. ఖాలా ఇద్దరు కూతుళ్ళూ ఆమె రంగే. వాళ్ళు ఎండలో టోపీ లేకుండా నడిచేవారు.

ఆ ఇద్దరిలో చిన్నది చదువులో చురుకు. పన్నెండో తరగతి చివర దోహాలో అమెరికా కాలేజీల ప్రదర్శన పెడితే స్కూల్ వాళ్ళు తీసుకెళ్ళారు. అక్కడ ఒక బల్ల వెనక ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుని ఉందట. బానిసత్వం పోయిన కొత్తలో, తెల్లవాళ్ళ కాలేజీలు గడప తొక్కనివ్వని రోజుల్లో, నల్లజాతి పిల్లల కోసం పెట్టిన కాలేజీ అది. ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు. ఆ పిల్ల ఇంటికొచ్చి తల్లితో చెప్పింది ఒకటే. "అమ్మీ, ఆమె నన్ను నువ్వెక్కడిదానివి అని అడగకముందే కుర్చీ వేసింది."

సీటు వచ్చింది. ఫీజులో ఎక్కువ భాగం వాళ్ళే పెట్టుకుంటామన్నారు. ఇక్కడ దోహాలోనే ఉన్న ఒక అమెరికా యూనివర్సిటీ శాఖలో కూడా వచ్చింది. ఇంటి నుంచి అరగంట దూరం. ఏది మేలో ఆలోచించడానికి ఇంకేముంది అన్నారు అందరూ. ఇక్కడి తెలుగువాళ్ళం కలిసే శుక్రవారం భోజనాల్లో రాజమండ్రి ఆవిడ ఒకామె గుత్తి వంకాయ వడ్డిస్తూ అంది, "అమెరికా దాకా వెళ్ళి నల్లోళ్ళ కాలేజీ ఏంటండీ? రేపు బయోడేటాలో ఏమని రాస్తారు?" నాకూ ఆ మాట సబబుగానే తోచింది. తోచిన మరుక్షణం నా బయోడేటా గుర్తొచ్చింది.

నేను ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో పాత ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చదవాలనుకున్నాను. సీటు కూడా వచ్చింది. నాన్న, బాబాయిలు ముందుగదిలో కూర్చున్నారు. "ఆ హాస్టల్ల అన్ని రకాలోళ్ళు ఉంటరు," అన్నారు. ఏ రకాలో ఎవరూ అడగలేదు. అమ్మ వంటింట్లో ఉంది. అన్నం ఉడికిపోయినా ఇంకా కలుపుతూనే ఉంది. ఆమెకు నా సంగతి తెలుసు. ఆ సీటు వచ్చిన రోజు నాతో పాటు ఏడ్చింది. ముందుగదిలోకి మాత్రం రాలేదు. నేను ఊళ్ళో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను.

ఖాలా ఇంట్లో ముందుగది సమావేశం రంజాన్‌కు ముందు వారం జరిగింది. ఖాలూ అన్న వచ్చాడు. ఈ దేశానికి ఖాలూను తెచ్చింది, వీసా పెట్టించింది ఆయనే. ఖాలా పెద్ద కూతురికి హైదరాబాద్‌లో సంబంధం కుదిర్చింది కూడా ఆయనే. పెళ్ళివారికి అరబ్బులమనే చెప్పారు. నన్నెందుకు పిలిచారంటే, ఖాలూ ఉర్దూలో అన్నట్టు, "మీరు ఇంజనీరింగ్ చదివారు. ఆ కాలేజీకి విలువుందా లేదా మీరే చెప్పండి."

నేను అప్పటికే ఫోన్‌లో అంతా చూసి పెట్టుకున్నాను. మంచి కాలేజీ. చదువు బాగుంది. అక్కడినుంచి వచ్చినవాళ్ళు పెద్ద పెద్ద పనుల్లో ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఎవరి పెళ్ళిలోనో వడ్డిస్తున్నట్టుంది. ఆ పిల్ల మూల స్టూలు మీద కూర్చుని నా నోటి వంకే చూస్తోంది. నా పద్దెనిమిదో ఏట ఇలా ఎవరైనా వచ్చి చెప్పారా అనుకున్నాను.

పెద్దాయన విన్నాడు. టీ కప్పు కింద పెట్టాడు. ఆయన మాట నెమ్మది. "మేడమ్ చెప్పింది నిజమే కావచ్చు. కానీ మూడు తరాల నుంచి మనం ఏం కప్పుకుని వచ్చామో ఈ పిల్ల ఆ గేటు దాటగానే పోతుంది. పెద్దదాని పెళ్ళివారు అడుగుతారు, మీ చిన్నది ఎందుకు అక్కడ చేరింది అని. ఏం చెబుతాం?" తర్వాత ఆ పిల్ల వైపు తిరిగాడు. "చెప్పు బేటా. నువ్వు హబ్షీవా?"

ఆ పిల్ల తల వంచుకుంది. ఖాలూ నేల చూస్తున్నాడు. వంటింటి వైపు నుంచి వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగింది.

ఖాలాకు కోపమొస్తే తెలుగు వస్తుంది. మామూలుగా ఇంట్లో ఉర్దూనే. పాలు పొంగినా, సిగ్నల్ దగ్గర ఎవరైనా అడ్డమొచ్చినా వనపర్తి తెలుగు. తడి చేతులతో ముందుగదిలోకి వచ్చి నిలబడింది. తల మీద కొంగు కూడా సరిగా లేదు.

"పోతది. పంపేది నేను. అడిగేదుంటే నన్ను అడుగు, నా బిడ్డను అడగకు."

పెద్దాయన పుట్టి పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో. ఆయన తెలుగు అంగడి దాకానే. నా వైపు చూశాడు. "క్యా బోల్ రహీఁ?"

ఎవరూ కదలలేదు. నేనే చెప్పాలి. "ఖాలా ఇలా అంటున్నారు" అని మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. ఆ మాటలు నోటికి రాలేదు. ఉర్దూలో సూటిగా అనేశాను, ఆమె అన్నట్టే, నేనే ఆ తల్లినైనట్టు, పంపేది నేనే అని, అడగాలంటే నన్ను అడగండి, నా బిడ్డను కాదు అని. ఏళ్ళ తరబడి ఒక ముందుగదిలో ఎవరైనా అంటారని నేను కాచుకున్న మాట అది. చివరికి నా నోటితోనే విన్నాను. అయినా అది నాది కాదు. ఆమెది. నాది అనువాదం.

పెద్దాయన ఆమెను అడిగాడు, కాస్త ఎగతాళిగానే. "సరే, నిన్నే అడుగుతున్నాను. పెళ్ళివారికి ఏం చెబుతావు?"

"ఉన్నది చెప్త," అంది ఖాలా. "నేను చెప్త. మీరెవ్వరు నోరు నొప్పించుకోవద్దు." తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, "టీ ఇంకొంచెం పొయ్యాల్నా?" అని ఉర్దూలో అడిగింది.

చెప్పింది కూడా. ఫోన్ చేసి పెళ్ళివారితో మేం ఆఫ్రికా సిపాయిల సంతానం అని తనే చెప్పింది. వాళ్ళు కాదనలేదు, ఔననలేదు. ఫోన్లు తగ్గాయి, పండగకు రావలసిన బట్టలు రాలేదు, అంతే. ఖాలూ అన్న ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. ఖాలూ కొన్నాళ్ళు భోజనానికి కూర్చుని కంచం వంకే చూసేవాడు.

ఇదంతా చూసి నేను ఆమెను మనిషి కాదు, కోట గోడ అనుకున్నాను. పెద్ద కూతురు ఆ సంగతి తేల్చింది. ఒకరోజు మా ఉమ్మడి వాకిట్లో బట్టలు ఆరేస్తూ, నేనున్నానని కూడా చూడకుండా తల్లిని అడిగింది. "చెల్లె కోసం నోరు తెరిచినవ్. నా డిగ్రీ అప్పుడు ఎందుకు తెరవలే?" ఆ పిల్ల అంతకు నాలుగేళ్ళ ముందు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతానంటే ఇదే ముందుగదిలో వద్దన్నారట. అప్పుడు ఖాలా వంటింట్లోనే ఉండిపోయిందట. కూతురు తెలుగులో అడిగింది కాబట్టి కోపమే. ఖాలా చేతిలో ఖాలూ చొక్కా ఉంది. దాన్ని దులిపింది, మళ్ళీ దులిపింది.

"అప్పుడు నాకు మాట రాలే బిడ్డా," అంది.

పెద్ద పిల్ల ఖాళీ బకెట్ అక్కడే వదిలి లోపలికి పోయింది. నేను దాని వెనకే పోయి ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. ఏమని చెబుతాను, నేను కూడా అని తప్ప. ఆ ఇంట్లో కూడా నాలాంటిది ఒకతె ఉందన్నమాట, ఒకే తల్లి కడుపున పుట్టి. ఆ పిల్ల చాలా నెలలు తల్లితో పొడిపొడిగానే మాట్లాడింది. తర్వాత దూరవిద్యలో డిగ్రీకి కట్టింది. ఖాలాయే కట్టించింది. అలక మాత్రం పూర్తిగా తీరినట్టు నాకు కనిపించలేదు.

చిన్నది వెళ్ళింది. మొదటి నెలలోనే తల్లికి కాలేజీ పేరున్న మందపాటి స్వెట్‌షర్ట్ పంపింది. ఛాతీ మీద కాలేజీ పేరు, కింద "మామ్" అని. ఖాలా దాన్ని సల్వార్ కమీజు మీద వేసుకుని బయటికొచ్చింది. బయట మాడిపోతోంది. "మాల్‌ల ఏసీ చలి పెడ్తది," అనేది. మాల్ దాకా చెమట కారుతుండేది. అరబ్బీలో ఎవరైనా పలకరిస్తే వెంటనే జవాబివ్వకుండా ముందు ఛాతీ కాస్త ముందుకు పెట్టి, ఆ అక్షరాలు చదువుకోనిచ్చేది. నాకు మంట. మా అమ్మకు నా కాలేజీ పేరు సరిగా పలకడం రాదు. ఆ పేరుతో చొక్కా వేసుకోవాలని నాకే ఎప్పుడూ అనిపించలేదు, ఆమెనేం అనగలను.

"అక్కడైనా ఎవరూ అడగట్లేదా, ఎక్కడిదానివని?" అన్నాను ఒకసారి. లేదంటే ఇంకా కుళ్ళుకునేదాన్ని.

"అయ్యో, ఇక్కడికంటే ఎక్కువ అడుగుతున్నరట. ఇండియాదానివంటవు, మాలెక్కనే ఉన్నవు, అదెట్ల అని. ఇది చెప్తదట. చెప్పినంక ఇంకొకటి అడుగుతరట, ఆ తర్వాత ఏమైంది అని. మనోళ్ళు ఒకటి అడిగి పక్కకు చూస్తరు. వాళ్ళు కూసోని వింటరట."

ఆ శీతాకాలం ఒక శుక్రవారం సాయంత్రం ఖాలా గోడ మీద కొట్టి నన్ను పిలిచింది. అక్కడ ఉదయం. వీడియోలో ఆ పిల్ల, వెనక హాస్టల్ స్నేహితులు. ఆ కాలేజీకి పెద్ద బ్యాండు ఉందట. డ్రమ్ములు వాయించే పిల్లలు ఇద్దరు ఆ గదిలోనే ఉన్నారు. "అమ్మీ, అది కొట్టు," అంది కూతురు. ఖాలా గుమ్మం వైపు చూసింది. ఖాలూ అక్కడే సోఫాలో ఉన్నాడు. ఆయన లేచాడు. ఆపేస్తాడనుకున్నాను. వంటింట్లోకి పోయి ఖాళీ వాటర్ క్యాన్ తెచ్చి భార్య ముందు పెట్టి, మళ్ళీ కూర్చుని ఫోన్ చూసుకోసాగాడు.

ఆమె కొట్టింది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. అటువైపు ఒకమ్మాయి తల ఊపుతూ విన్నది. తర్వాత బల్ల మీద చేతులతో అందుకుంది. ఇంకో పిల్ల కలిసింది. ఖాలా ఆపి, "కాదు కాదు, మూడోదాని కాడ ఆగాలె," అని తెలుగులో అంది. ఆ పిల్లకు ఏం అర్థమైందో, ఆగింది. సరిగ్గా వచ్చింది. ఖాలా భుజాలు కదిలాయి. మా పాప పరుగెత్తుకుంటూ పోయి ఆమె ఒళ్ళో ఎక్కి క్యాన్ మీద చేతులేసింది. ఖాలా దాని వేళ్ళను తన వేళ్ళ కింద పెట్టుకుని కొట్టింది. వద్దందామనుకున్నాను, వేళ్ళు నొప్పి పుడతాయని. నొప్పి పుడితే? ఆ తర్వాత? నోరు మూసుకున్నాను. అందరూ ఏదో ఒకటి కొడుతున్న ఆ గదిలో ఊరికే చేతులు కట్టుకుని నిలబడింది నేనొక్కదాన్నే.

తర్వాతి ఎండాకాలం ఖాలూ కంపెనీలో మనుషుల్ని తగ్గించారు. వాళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు కూడా ఆమె ఆ స్వెట్‌షర్టే వేసుకుంది. పండగలకు ఫోన్ చేస్తుంది. చిన్నది వచ్చే ఏడు చదువు పూర్తి చేస్తుంది. పెద్దది ఏదో స్కూల్లో పాఠాలు చెబుతోందట. పెళ్ళి కాలేదు.

మొన్నటి శుక్రవారం దగ్గరికి మళ్ళీ వస్తాను. పాప అలా క్యాన్ వాయిస్తూండగానే మా అత్తగారి వీడియో కాల్ వచ్చింది. ఫోన్‌ను గిన్నెకు ఆనించాను. ఆవిడ కాసేపు విన్నది.

"ఏందే ఆ డప్పు? అసలే నల్లగున్నది. అది చాలక డప్పు కొట్టుడు గూడ నేర్పుతున్నవా? ఏందే పిల్లా, ఏ వాడకట్టుదానివే నువ్వు?"

పాప ఆగి నా వైపు చూసింది. జవాబు చెప్పాలా అన్నట్టు. తల ఇంకా వంచలేదు.

"దాన్ని అడగకండి అత్తమ్మా," అన్నాను. "అడిగేదుంటే నన్ను అడగండి."

తెలుగులో అనడం అదే మొదటిసారి. ఇంత చిన్న మాటా అనిపించింది. ఫోన్‌లో ఆవిడ ముఖం దగ్గరికి వచ్చింది. సిగ్నల్ పోయిందేమోనని చూస్తున్నట్టుంది.

"సరే. నిన్నే అడుగుతున్న. చెప్పు."

ఖాలాకు ఆ తర్వాతి మాట సిద్ధంగా ఉండేది. ఉన్నది చెప్త అనేది, చేతులు తుడుచుకునేది, టీ పోసేది. నేను నోరు తెరిచి నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. ఆ క్షణంలో ఆమె మీద పడ్డంత అసూయ ఎన్నడూ పడలేదు.

పాప కొంచెంసేపు మా ఇద్దరినీ చూసింది. ఇక ఎవరూ తనను ఏమీ అడగడం లేదని తేలాక, క్యాన్ మీదికి వంగి మళ్ళీ మొదలుపెట్టింది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. మూడోదాని దగ్గర ఆగింది.